కాంట దగ్గర చిన్నమ్మ వడ్లు

నేను చేసే పనేంటో మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా అడిగితే "ప్రింటర్లు బాగు జేస్తది" అని చెప్పేస్తుంది. కాదమ్మా, బాగు చేసేవాళ్లు వేరే ఉన్నారు, నేను ప్రింటర్‌ను కంపెనీల పెద్ద సాఫ్ట్‌వేర్‌తో కలిపేదాన్ని అంటే, "రెండు ఒక్కటే తియ్" అంటుంది. ఒక్కటి కాదు. ఇక్కడ ఒక మనిషి మీట నొక్కితే ఆ సంగతి హైదరాబాద్‌లో ఉన్న పెద్ద కంప్యూటర్‌కు పోవాలి. అది ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు ఇక్కడి ప్రింటర్ నుంచి కాగితం రావాలి. అన్నీ బాగుండి ఆ చివరి మూర దూరంలో కాగితం ఆగిపోతే నాకు ఫోన్ వస్తుంది. జగిత్యాలలో చిన్న గది అద్దెకు తీసుకుని, స్కూటీ మీద కోరుట్ల మిల్లులకూ సిరిసిల్ల బట్టల యూనిట్లకూ తిరుగుతుంటాను. సిరిసిల్లలో లేబుల్ ప్రింటర్ల నిండా దూది దుమ్ము చేరుతుంది, తుడుచుకోరు, సాఫ్ట్‌వేర్ మంచిది కాదని నన్ను తిడతారు. నేనూ తిడతాను. నాకు కోపం ఎక్కువ, ముందే చెబుతున్నాను.

కోరుట్ల పొలిమేరలో ఒక వడ్ల మిల్లు ఉంది. మొదట్లో అక్కడ గుమాస్తా చేత్తో చిట్టి రాసి ఇచ్చేవాడు. తర్వాత కొత్త యజమానులు వచ్చి అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ట్రాక్టర్ కాంట మీదికి ఎక్కగానే తూకం, గుప్పెడు వడ్లు తీసి మిషన్‌లో పోయగానే తేమ, రెండూ హైదరాబాద్‌కు పోతాయి. తేమ హద్దులో ఉంటే చిట్టి వస్తుంది. ఆ చిట్టి చూపిస్తేనే హమాలీలు వడ్లు దింపుతారు. కాంట గదిలో ప్రింటర్‌ను, దాన్ని నెట్‌వర్క్‌కు కలిపే చిన్న పెట్టెను బిగించింది నేనే. ఆ పెట్టె గోడకు ఉంటుంది, దాని మీద లక్ష్మీదేవి పటం ఉంటుంది.

ఆ ఏడు మా చిన్నమ్మ కౌలుకు భూమి పట్టింది. అమ్మకు చెల్లెలు, మల్లాపూర్ దిక్కు ఊరు. మా తాత దొర దగ్గర పాలేరుగా జీతం ఉన్నవాడు. మా అమ్మా చిన్నమ్మా బతుకంతా పరాయి మడుల్లో నాట్లు వేసి, కలుపు తీసినవాళ్లు. చిన్నాయన పోయాక చిన్నమ్మకు ఏ ధైర్యం వచ్చిందో గానీ, ఎకరం కంటే కాస్త ఎక్కువ భూమి అడిగి మరీ తీసుకుంది. "మంచిగ పండిస్తె ముంగటేడు గూడ నీకే" అన్నాడట భూమి ఆసామి. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ అమ్ముకునే వడ్లు లేవు. ప్రతి ఆదివారం చర్చిలో ఆ మడి కోసమే ప్రార్థన చేయించేది. పాస్టర్‌గారు కూడా విసుగెత్తి ఉంటారు.

దీపావళి సెలవు అయిపోయి మిల్లు తెరిచిన రోజు పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేశాడు. "మేడం, చిట్టీలు వస్తలేవు. ట్రాక్టర్లు లైన్ గట్టినయ్. మొగులు గూడ పట్టింది. జర తొందరగ రాండ్రి."

నేను వెళ్లేసరికి ట్రాక్టర్ల వరుస కాంట నుంచి రోడ్డు దాకా ఉంది. పడమటి వైపు ఆకాశం నల్లగా దిగి ఉంది. గేటు దాటి లోపలికి పోతుంటే "బిడ్డా" అని పిలుపు. చూస్తే చిన్నమ్మ, వడ్ల ట్రాలీ మీద కూర్చుని ఉంది. తూకం అయిపోయింది, తేమ చూడటం అయిపోయింది, చిట్టి ఒక్కటే రావాలి. ఆమె ట్రాలీకి, రేకుల షెడ్డుకు మధ్య ఒక లారీ పొడవంత దూరం ఉంది, అంతే. షెడ్డులో ముందే వచ్చిన ట్రాక్టర్లు చిట్టి కోసం ఇరుక్కుని ఉన్నాయి.

"నువ్వే అచ్చినవా? ఇగ నాకు రంది లేదు," అంది. పక్కనున్న డ్రైవర్లతో, "మా అక్క బిడ్డ. గీ మిషన్లన్ని గామె పెట్టినయే. ఇప్పుడే అయితది చూడు," అని చెప్పింది.

"పట్టా కప్పలేదేంది చిన్నమ్మా?" అన్నాను.

"మంచి పట్టా కల్లంల మిగిలిన వడ్ల మీద కప్పిన. గిది చినిగిపోయింది," అంటూ కింద నలిగి ఉన్న నీలం పట్టా చూపించింది. అందులోంచి వేళ్లు బయటకు వస్తున్నాయి.

కాంట గదిలో మొదట ప్రింటర్‌ను పరీక్షించాను. దాని బటన్ నొక్కితే టకటకా ఒక పేజీ కొట్టింది. ప్రింటర్ మంచిదే. కంప్యూటర్‌లో చూస్తే పొద్దుటి చిట్టీలన్నీ వరుసలో నిలబడి ఉన్నాయి, పంపుతున్నాం పంపుతున్నాం అంటోంది, ఒక్కటీ పోవడం లేదు. వాటిలో చిన్నమ్మ చిట్టీ ఉంది. తేమ హద్దులోపలే, హైదరాబాద్ ఒప్పుకుంది కూడా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అట్లా అయింది.

హైదరాబాద్‌లో ఆ సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లకు ఫోన్ చేశాను. అవతల ఒక అబ్బాయి, చాలా మర్యాద. "మేడం, మా వైపు అంతా బాగుంది. మీ పెట్టెను పిలిస్తే పలుకుతోంది. ఒక్కోసారి ఆలస్యంగా పలుకుతోంది, అంతే. డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి." తీసేసి వేశాను. రాలేదు. "సర్వీస్ ఆపి మొదలుపెట్టండి." పెట్టాను. రాలేదు. "మా సీనియర్‌ను అడిగి చెబుతాను, లైన్‌లో ఉండండి." లైన్‌లో సంగీతం మొదలైంది. బయట ఉరుము. ఆ సంగీతం ఇప్పటికీ ఎక్కడైనా వినిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేనేమీ ఊరికే కూర్చోలేదు. కేబుల్ మార్చాను, నా సంచిలో ఉన్న కొత్త కేబుల్ వేశాను. పెట్టెను ఆపి మళ్లీ వేశాను. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. లైటు వెలిగితే లింకు ఉన్నట్టే, ఇన్నేళ్ల పని నాకు నేర్పింది అదే. కాబట్టి తప్పు పైనే ఉంది అని మనసులో ముద్ర వేసుకున్నాను. పైవాళ్లేమో తప్పు కిందే ఉంది అంటున్నారు. నడుమ వడ్లు ఆరుబయట ఉన్నాయి.

కిటికీలోంచి చూస్తే చిన్నమ్మ నావైపే చూస్తోంది. మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఆకాశం వైపు ఒకసారి, నావైపు ఒకసారి. ఏ బటన్ నొక్కుతున్నానో కూడా తెలియని స్థితికి వచ్చాను. యేసయ్యా, ఇంకేమీ అడగను, ఈ ఒక్క కాగితం రానీ అనుకున్నాను. ప్రింటర్ కోసం ప్రార్థన చేయడం నా బతుకులో అదే మొదలు.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. "సార్, పాత పద్ధతిల చేత్తోని రాసియ్యరాదు? తూకం కనవడుతున్నది, తేమ కనవడుతున్నది. వానొస్తె ఆగమైతరు."

ఆయన తల పట్టుకున్నాడు. "నాకు లేదా మేడం బాధ? చేతి చిట్టి మీద ఒక్క బస్త దించినా నా నౌకరి పోతది. పోయిన గుమాస్తను గట్లనే తీసేసిన్రు. పైనోళ్లను అడిగిన, వద్దన్నరు. మీరే ఏదన్న చెయ్యాలె."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం, ఆయన చెప్పిందీ నిజమే. కనీసం చిన్నమ్మ ట్రాక్టర్‌ను షెడ్డు చూరు కిందికైనా పోనీయమన్నాను. ఆయన బయటికి వచ్చి, ముందున్న ట్రాక్టర్లను జరపమని అరిచాడు. అవి జరగడానికి జాగా ఎక్కడుంది? వెనక లారీ, పక్కన బస్తాల గుట్ట. గొడవ తప్ప ఏమీ కాలేదు.

వాన చినుకులతో మొదలు కాలేదు. ఒక్కసారే గాలి లేచింది, దాని వెంట రాళ్లు వేసినట్టు పడింది. అందరూ పట్టాలు లాగుతున్నారు. నేను కాంట గదిలోంచి పరుగెత్తాను. చిన్నమ్మ ట్రాలీ ఎక్కి ఆ చినిగిన పట్టాను ఒక మూల పట్టుకున్నాను. గాలికి అది రెండో మూల నుంచి లేచిపోయింది. చిన్నమ్మ వడ్ల మీద బోర్లా పడుకుంది. ఒక మనిషి ఒళ్లు ఎన్ని వడ్లు కాపాడుతుంది? "నువ్వు లోపల్కి పో బిడ్డా, చిట్టి తీస్కరాపో, చిట్టి వస్తె దించుతరు," అని అరిచింది. నేను తడిసి మళ్లీ లోపలికి పరుగెత్తాను.

ఇక నాకు బుద్ధి పనిచేయలేదు, కోపం పనిచేసింది. గోడ మీది పెట్టెను మరలతో సహా పీకేశాను. కేబుల్ ఊడదీసి మళ్లీ కసిగా నొక్కాను. అప్పుడు తెలిసింది. ఆ కొస లోపలికి పోయినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు రావాలి, వేలికి తెలుస్తుంది. రాలేదు. పొద్దున కొత్త కేబుల్ వేసినప్పుడూ రాలేదు, లైటు వెలిగిందని నేను పట్టించుకోలేదు. ఫోన్ టార్చి వేసి ఆ రంధ్రంలోకి చూశాను. లోపల పసుపు రంగు గింజ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది.

అక్షింత. దీపావళికి మిల్లంతా సున్నం వేసి, వైర్లన్నీ ఊడదీసి దులిపారు. లక్ష్మీపూజ చేసి మిషన్ల మీద, పెట్టెల మీద అక్షింతలు వేశారు. తర్వాత వైర్లు ఎక్కడివక్కడ గుచ్చారు. గింజ మీదే కేబుల్ కూర్చుంది. తగిలీ తగలనట్టు తగిలింది, అందుకే లైటు వెలిగింది, మాట మాత్రం పోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. పూజ చేసినవాళ్లను అనడానికి నోరు రాదు. మంచి జరగాలనే కదా వేశారు.

నా చున్నీకి ఉన్న పిన్నీసు తీసి గింజను బయటికి లాగాను. కేబుల్ పెట్టాను. టక్కుమంది.

ప్రింటర్ మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి నిలబడ్డ చిట్టీలన్నీ ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోకుండా. చిన్నమ్మ చిట్టి రాగానే చింపి, చున్నీ కింద దాచుకుని వానలోకి పరుగెత్తాను. "వచ్చింది చిన్నమ్మా" అంటూ. ముందున్నవాళ్లు దింపుకుని కదిలాక షెడ్డులో జాగా అయింది, చిన్నమ్మ ట్రాక్టర్ లోపలికి వచ్చింది. హమాలీలు ట్రాలీ వెనక తలుపు తీయబోతుంటే మేనేజర్ అడ్డం వచ్చాడు. ట్రాలీలోకి చెయ్యి పెట్టి లోతు నుంచి గుప్పెడు వడ్లు తీశాడు. పిడికిలి విప్పితే వడ్లు రాలలేదు, చేతికే అంటుకుని ఉన్నాయి.

"మళ్ల తేమ చూడాలె మేడం," అన్నాడు నేల చూస్తూ.

"చిట్టి ఉన్నది కద సార్. మీ సిస్టమే ఒప్పుకున్నది."

"ఉన్నది. కని వడ్లు గట్ల లేవు."

మళ్లీ చూశారు. ఈసారి ప్రింటర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మీట నొక్కడం, కాగితం రావడం ఒకటే అయింది. నా పని అంత చక్కగా ఎన్నడూ కుదరలేదు. తేమ ఎక్కువ, వడ్లు వాపస్ అని ఉంది అందులో. చింపి నాకే ఇచ్చారు, ఆమెకు ఇవ్వమని.

చిన్నమ్మకు చదువు రాదు. రెండు చిట్టీలూ చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టి చూసింది. కొప్పులోంచి నీళ్లు కారుతున్నాయి, చేతులకు వడ్లు అతుక్కుని ఉన్నాయి.

"పొద్దుగాలది ఏది?" అంది.

చూపించాను.

"దీంట్ల ఏమని ఉన్నది?"

"వడ్లు మంచిగున్నయి, తీస్కోవచ్చు అని ఉన్నది చిన్నమ్మా."

"అంటె నా వడ్లు మంచియే."

"మంచివే."

"గది చాలు. ముసల్ది ఎవుసం చేతగాక చెడగొట్టిందని ఎవలన్న అంటె చూపెడ్త." మొదటి చిట్టిని మడిచి రవికెలో పెట్టుకుంది. రెండోది నా చేతిలో పెట్టింది. "గిది నువ్వే పెట్టుకో బిడ్డా."

కోపంతో అన్నదేమో అనుకున్నాను. ముఖం చూస్తే కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. నేను కాంట గది వెనక నిలబడి ఏడ్చాను. వాన చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

ట్రాక్టర్ వెనక్కి తిరిగి మల్లాపూర్ తొవ్వ పట్టింది. అప్పుడు హైదరాబాద్ అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడం, ఇటు నుంచి చూస్తే చిట్టీలన్నీ పోయినట్టు కనిపిస్తోంది. ప్రింట్ బాగా వస్తోందా? కంప్లైంట్ మూసేయమంటారా?"

"బాగా వస్తోంది, మూసేయండి," అన్నాను. అంతకంటే ఏం చెబుతాను?

మొగులు తర్వాత కూడా విడవలేదు. ఆరబోయడానికి ఎండ లేక ఆ వడ్లు కుప్పలోనే మొలకెత్తాయి. భూమి ఆసామి మాట మీద నిలబడలేదు, యాసంగి పంటకు ఇంకొకరికి కౌలు ఇచ్చాడు. అమ్మను తీసుకుని ఆ ఊరికి పోయినప్పుడు చూశాను. చిన్నమ్మ అదే మడిలో, నలుగురు ఆడవాళ్ల వరుసలో వంగి, కూలికి నాటు వేస్తోంది.