మంచుయుగం రుచి తెలిసిన అత్తయ్య

బురద కనిపిస్తే చాలు, అత్తయ్య నోట్లో వేసుకుంటుంది. ఇందులో దాపరికం లేదు, సిగ్గు అంతకన్నా లేదు. చిటికెడు తీసి ముందుపళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా కొరుకుతుంది. ఆ తరువాత తుపుక్కున ఉమ్మి, పుక్కిలించి, ఏమీ జరగనట్టు కబుర్లలో పడుతుంది. ఆవిడ పక్కన నడవాలంటే మేనకోడలికి తల కొట్టేసినంత పనయ్యేది.

ఒకసారి బ్యాంకు మేనేజరుగారు కొత్త ఇల్లు చూడమని అందరినీ పిలిచారు. వచ్చినవాళ్ళంతా గదులు మెచ్చుకుంటుంటే ఈవిడ వరండాలో పూలకుండీ దగ్గర నిలబడి ఏదో నములుతోంది. "ఎలా ఉందండీ?" అని ఇల్లాలు మురిపెంగా అడిగింది, ఇంటి గురించి. "బాగుంది కానీ, ఎరువు కాస్త ఎక్కువైంది" అంది అత్తయ్య.

మామయ్య పళ్ళ డాక్టరు. "ఊరందరి పళ్ళూ కాపాడుకొస్తున్నాను. నా ఇంట్లో పళ్ళు మాత్రం చెరువుల పాలు" అని, నోరు తెరిచి జవాబు చెప్పలేని రోగుల దగ్గర వాపోతుంటాడు.

అలాగని ఆవిడ పిచ్చిదేం కాదు. ఎడతెగని వానల్లో పెరిగే మహారణ్యాల పాత కథ తవ్వితీసే ల్యాబుకు పెద్ద తలకాయ. అడవి మడుగుల అడుగున బురద ఏటేటా పొరలుగా పేరుకుంటుంది. చుట్టూ ఉన్న చెట్ల పుప్పొడి అందులో చిక్కుకుపోతుంది. పొడుగాటి గొట్టం దించి ఆ బురదను చెక్కుచెదరకుండా పైకి లాగితే అడుగున పాతకాలం, పైన కొత్తకాలం. మంచుయుగంలో లోకం చల్లబడి వానలు మొహం చాటేస్తే, అడవులు కుంచించుకుపోయి గడ్డికి చోటిచ్చాయి. వెచ్చదనమూ వానలూ తిరిగొచ్చాక మళ్ళీ పరుచుకున్నాయి. ఈ మడుగుల్లో వానల్లేని మంచుయుగపు మట్టి గరుకు, అడవికాలపు మట్టి నునుపు. ఆ సంగతి అత్తయ్య పళ్ళకు తెలుసు.

"మూలకు నక్కిందని అడవిని తీసిపారేయకండర్రా. ఓడిపోయి కాదు, ఓపిక పట్టింది" అని చెప్పేటప్పుడు ఆవిడ మొహం కన్నబిడ్డ గొప్ప చెబుతున్నట్టు వెలిగిపోతుంది.

ల్యాబులో ఇదే పనికి ఒక మిషనుంది. చెంచాడు మట్టి వేస్తే రేణువుల సైజులన్నీ కొలిచి, ఆ రిపోర్టు పరీక్షల కమిటీ సభ్యులందరికీ తనంతట తానే పంపేస్తుంది. అయినా విద్యార్థులు తెచ్చిన ఏ మట్టయినా ముందు అత్తయ్య నోట్లోకి వెళ్ళాకే మిషనులోకి వెళ్ళాలి. "పాపం, మేడమ్‌కి స్విచ్చి ఎక్కడుందో తెలీదేమో!" అని కుర్రకారు నవ్వుకునేవాళ్ళు. వాళ్ళందరికన్నా గట్టిగా నవ్వేది మేనకోడలే.

ఆ పిల్ల అక్కడే పరిశోధన చేస్తోంది. ల్యాబులో "మేడమ్" అనాలి, ఇంట్లో "అత్తయ్యా" అనాలి. ఆ కంగారులో భోజనాల దగ్గర "మేడమ్, ఉప్పు అందుకోండి" అనేది, ల్యాబులో "అత్తయ్యా, మైక్రోస్కోపు ఖాళీయేనా?" అని అరిచేది.

జోరువానలో ఒక కొండలోయ మడుగులోంచి తనే గొట్టం లాగి తెచ్చింది. అత్తయ్య ఎక్కడ తినేస్తుందోనని దాన్ని చల్లగదిలో తాళం వేసి మరీ దాచింది. ఏడాదిపాటు పుప్పొడి లెక్కించి, చివరికి ఎగిరి గంతేసింది. మంచుయుగంలో అడవి పెరిగిందట, వానలొచ్చాక తరిగిందట!

"పుస్తకాలన్నీ తిరగరాయాలి మేడమ్!"

"రాద్దాంలే. ముందు నీ మట్టి ఇటు తే."

బురద వయసు తేల్చే పరీక్షల ఫలితం ఇంకా రాలేదు. ఈలోపే కమిటీ ముందు మాట్లాడే రోజు వచ్చిపడింది. అక్కడ నెగ్గితేనే చదువు సాగేది, లేకపోతే ఇంటిదారి. ఇక తప్పదని ముందురోజు మధ్యాహ్నం తాళం తీసింది.

గొట్టానికి పైవైపు ఎర్రమూత, అడుగువైపు నీలంమూత ఉండాలి. అత్తయ్య ఎర్రమూత తీసి కొరికింది. కరకరమంది. నీలంమూత తీసి కొరికింది. చప్పుడే లేదు.

"పైమట్టి నిన్నమొన్నటిదే కదే. నీళ్ళోడుతూ మెత్తగా ఉండాలి. నీది మీ మామయ్యకు పని తగిలించేలా ఉందేం?"

వానలో వణుకుతూ మూతలు తారుమారుగా బిగించేశానని పిల్లకు అప్పుడు తట్టింది. అడవి చరిత్రను తలకిందులుగా పెట్టుకుని ఏడాదంతా చదివింది!

"నా పని అయిపోయింది అత్తయ్యా!"

"ల్యాబులో మేడమ్ అను. ఏడుపు తరువాత, ముందు గ్రాఫు తిప్పు."

తిప్పింది. అడుగున గడ్డి, పైన అడవి. అందరూ చెప్పేదే. పిల్ల మొహం వేలాడేసింది. అత్తయ్య వేలు మాత్రం గ్రాఫు అడుగున ఒకచోట ఆగిపోయింది.

"ఇటు చూడవే. చుట్టుపక్కల మడుగులన్నిటిలో ఈ కాలానికి చెట్ల పుప్పొడే లేదు. నీ లోయలో సన్నగిల్లింది కానీ ఆగిపోలేదు. అడవి తలదాచుకున్న చోటు నీకు దొరికిందే! ఎన్నేళ్ళుగా వెతుకుతున్నానో తెలుసా?"

ఆ గొంతులో గర్వం విని పిల్ల ఏడవడం మర్చిపోయింది.

మర్నాడు కమిటీ ముందు మేనకోడలు తడుముకోకుండా మాట్లాడింది. హాలంతా చప్పట్లు. ఒక సభ్యుడు మాత్రం "రేణువుల రిపోర్టు ఇవాళ పొద్దున్న వచ్చింది. ఇంత ఆలస్యమేం?" అని నిలదీశాడు.

"నేనే ఆపానండీ. కొరికి చూడందే నాకు నమ్మకం కుదరదు" అంది అత్తయ్య.

హాలు గొల్లుమంది. మేనకోడలికి మాత్రం మొదటిసారి నవ్వు రాలేదు, నవ్వినవాళ్ళ మీద ఒళ్ళు మండింది.

అందరూ లేచాక కమిటీ చైర్మన్ ఆ పిల్ల దగ్గరకొచ్చాడు. బట్టతల, గంభీరమైన మనిషి. "వాళ్ళ నవ్వులు పట్టించుకోకమ్మా. ఆ మిషను వాడటం మాకు నేర్పిందే మీ మేడమ్."

"మరి నోట్లో పెట్టుకోవడం దేనికండీ?"

"మిషనులో వేస్తే తప్పేదైనా అందరికీ చేరిపోతుంది. ఆవిడ నోట్లో వేస్తే ఆవిడ దగ్గరే ఆగిపోతుంది." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనూ ఆవిడ శిష్యుణ్ణే. అడవిలో జలగలకు భయపడి, గెస్ట్‌హౌస్ వెనక చేపలతొట్టి బురద గొట్టంలో నింపుకొచ్చాను."

"అయ్యో! కనిపెట్టేశారా?"

"ఒక్క కొరుకు కొరికి, 'నాయనా, ఇందులో చేపల మేతుంది. రేపు మళ్ళీ వెళ్ళిరా, ఈసారి నేనూ వస్తాను' అంది. ఇవాళ్టిదాకా మూడోమనిషికి తెలీదు."

మేనకోడలికి గుండె నిండిపోయింది. ఇంతటి మనిషి తన అత్తయ్యేనని ఎవరికైనా గట్టిగా చెప్పుకోవాలనిపించింది. గబగబా బయటకొచ్చి చూస్తే ఆవిడ కొళాయి దగ్గర తీరిగ్గా చేతులు కడుక్కుంటోంది.

"అత్తయ్యా, చైర్మన్‌గారు తెచ్చిన చేపల మేత రుచి ఎలా ఉంది?"

అత్తయ్య కొళాయి కట్టేసి, రుమాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకుంది.

"ఏ చైర్మనే? ఏ చేపలు?" అంది. "అలాంటిదేం నాకు గుర్తులేదమ్మా."