చెరిపిన జాడ

ఉద్దనపల్లి అమ్ములు రోజూ సాయంత్రం, మొగుడు మోహన్‌కుమార్ ఫ్యాక్టరీ నుంచి రాకముందే, ల్యాప్‌టాప్‌లో, చూసిన పేజీల జాడ దాచిపెట్టే కుకీలన్నీ చెరిపేస్తుంది. తను చదువుకునేటప్పుడు సర్కారు ఇచ్చిన ల్యాప్‌టాప్ అది. చెరిపాక మూత దించి, కొంగుతో తుడుస్తుంది. మొదటిసారి హోసూరులో ఆడవాళ్ల హాస్టళ్లు వెతికినప్పుడు, వారమంతా ఏ పేజీ తెరిచినా ఆ హాస్టళ్ల ప్రకటనలే ఎదురయ్యాయి; ఈ అలవాటు అప్పటిది.

నిన్న మోహన్‌కుమార్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "దినామూ నన్ను కొత్తోడి మాదిరి పాస్‌వర్డు అడగతాంది. అంతగా ఏమి చెరుపుతాండావు అమ్ములూ?" అని మెల్లగా అడిగాడు. అతను గొంతు పెంచలేదు. ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

ఈరోజు సాయంత్రం కూడా ఆ వేళకే ఆమె చెయ్యి కొంగు అందుకుంది. బీరువా తలుపు తుడిచింది.