పైడమ్మ విప్పని బొంత

ఒక ఆడమనిషి పేరు చెడగొట్టి, ఆ సంగతి కడుపులో దాచుకుని ముసలివాణ్నయ్యాను. నలుగురిలో కూర్చుని నవ్వుతున్నప్పుడు కూడా అది లోపల కదలకుండా ఉండేది. ఏళ్లు గడిస్తే ఆ బరువు అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేకపోయింది.

మాది చోడవరం. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్తరోజులు. నేను బియ్యం మిల్లులో గోనెల మూతులు కుట్టేవాణ్ని. దబ్బనం, పురికొస, తవుడు దుమ్ము, అదే నా బతుకు. ఇంటి దగ్గర నా భార్య అచ్చియ్యమ్మ బొంతలు కుట్టేది. మొదట ఇరుగుపొరుగు వాళ్లకి కుట్టి ఇచ్చింది. కుట్టు బాగుందన్న మాట పాకి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పాతచీరలూ పంచెలూ మూటకట్టి తేవడం మొదలుపెట్టారు. ఒక్కతే చేసుకోలేక పైడమ్మను తోడు పిలుచుకుంది.

పైడమ్మ మా వీధి చివర పాకలో ఒంటరిగా ఉండేది. మొగుడు పోయాడు. పుట్టిన పిల్లలు నిలవలేదు. అయినా నోటికి నవ్వు కరువైన మనిషి కాదు. నా భార్యను అప్పా అని, నన్ను బావా అని పిలిచేది. నేను మిల్లు నుంచి దుమ్ముకొట్టుకుని వస్తే, "బావా, నువ్వు బియ్యానికి బొంతలు కుడతన్నావు, మేం మనుసులకి కుడతన్నాం. అంతే గదా తేడా" అని ఆటపట్టించేది. ఆమెది ఎడమచేతి వాటం.

ఆ ఎడమచేతి సంగతి మీకు కొంచెం వివరంగా చెప్పాలి. వసారాలో చాపల మీద పాతచీరలు పొరలు పొరలుగా పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, నడిమి కుట్లన్నీ అయ్యాక ఆఖరున అంచు మూసేవారు. అంచు మూసేటప్పుడు ఇద్దరూ చెరొక కొసన కూర్చునేవారు. అచ్చియ్యమ్మ కుడి కొస నుంచి ఎడమకు కుట్టుకుంటూ వచ్చేది. పైడమ్మ ఎడమ కొస నుంచి కుడికి వచ్చేది. మధ్యలో ఒకరి మోకాలు ఒకరికి తగిలేసరికి ఆ అంచు పూర్తయ్యేది. అందుచేత మా ఇంటి బొంతకు ఒక గుర్తు ఉండేది. అంచులో సగం మేర కుట్లు ఒకవైపు వాలి ఉండేవి, మిగతా సగం రెండోవైపు. ఇది అచ్చియ్యమ్మ సగం, ఇది పైడమ్మ సగం అని ఊళ్లో ఆడవాళ్లు చూడగానే చెప్పేసేవారు.

నాకు అనుమానం ఎప్పుడు మొదలైంది? ఎన్నోసార్లు వెనక్కి వెళ్లి వెతుక్కున్నాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్ల మాటలు ఆగిపోయేవి. ఆడవాళ్ల మాటలు మగవాడు వస్తే ఆగుతాయి, అందులో వింతేముంది? కానీ మాకు పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. మిల్లులో ఒకడు బీడీ ముట్టించుకుంటూ అన్నాడు, మొగుణ్నీ పిల్లల్నీ మింగిన ఎడమచేతిది నీ ఇంట్లో సూది పట్టుకుని కూర్చుంటోందా అని. ఇంకొకడు గొంతు తగ్గించి, చిల్లంగి అన్నాడు. చిల్లంగి అంటే చేతబడి. మావైపు ఆ మాట వింటే మగవాళ్లకు కూడా నోరు ఎండిపోయేది. నేను నవ్వేశాను. ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు.

ఆ రోజు నుంచి పైడమ్మను కనిపెట్టుకుని ఉండటం మొదలుపెట్టాను. ఎక్కడ కూర్చుంటోంది, ఏది ముడుతోంది, వెళ్లేటప్పుడు కొంగున ఏం కట్టుకుంటోంది? దువ్వెన పెట్టిన చోట లేకపోతే, దానికి చిక్కిన నా భార్య తలవెంట్రుకలు ఎవరు తీశారా అని ఆలోచించేవాణ్ని. ఆమె ముంచి ఇచ్చిన నీళ్లు తాగడం మానేశాను. ఆమె గమనించిందో లేదో. గమనించినా దాన్ని కూడా ఏదో ఒక నవ్వుతో పోనిచ్చి ఉంటుంది.

అలా ఉండగా రోలుగుంట నుంచి ఒక ముసలామె మనవడి కోసం చిన్న బొంత కుట్టమని వచ్చింది. కోడలికి అంతకుముందు పుట్టినవాళ్లు దక్కలేదు. ఈ పిల్లవాడు దక్కాడు. ఆ బొంత అంచు మూసే రోజున నేను మామూలు కన్నా ముందు ఇంటికి వచ్చాను. పైడమ్మ పొరలు ఎత్తి పట్టుకుంది. నా భార్య చెయ్యి లోపలికి పెట్టి పచ్చగా, చిన్నగా ఉన్నదేదో దాస్తోంది. నన్ను చూసి ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఏటది అన్నాను. ఏటీ నేదు, చింకిగుడ్డ అంది అచ్చియ్యమ్మ. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అదేమిటో నాకు తరవాత తెలిసింది. కన్న పిల్లలందరూ బతికి ఉన్న ఒక తల్లిని అడిగి, ఆమె కట్టిన చీరలోంచి చిన్న పీలిక తెచ్చి, పసుపులో ముంచి, నాలుగు బియ్యపు గింజలు పోసి కట్టిన పొట్లం. పిల్లవాడు పడుకునే బొంతలో దాన్ని ఉంచితే మంచిదని ముసలామె నమ్మకం. మగవాళ్ల కంట పడకూడదని, మగవాళ్లకు చెప్పకూడదని ఆమె మరీ మరీ చెప్పి ఇచ్చింది. వాళ్లు ఆ మాట నిలబెట్టారు. అది నిలబెట్టినందుకే నా కంటికి దొంగల్లా కనిపించారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చాను. అచ్చియ్యమ్మ ఇంకెవరివో పాతబట్టలు ఉతకడానికి కాలవకి వెళ్లింది. పైడమ్మ తన పాకకి వెళ్లింది. బొంత మడతపెట్టి వసారాలో ఉంది. నా భార్య పొట్లం పెట్టిన చోటు నాకు గుర్తుంది. అది ఆమె కుట్టిన సగంలోనే ఉంది. కత్తిపీట మొనతో జానెడు మేర కుట్లు తెంపాను. పొట్లం చేతికి తగిలింది. పసుపు, గింజలు, ముడి. నేను భయపడుతూ ఊహించుకున్నవన్నీ అందులో ఉన్నాయి. మా కడుపు పండకుండా చేస్తున్నది ఇదేనేమో, నా భార్యను కూడా పైడమ్మ తనవైపు తిప్పుకుందేమో. నిజానికి ఎవరి పిల్లవాడి బొంతో అది. అక్కడ మా సంగతి ఎందుకుంటుంది? ఆ ప్రశ్న ఆనాడు నాకు తట్టలేదు. పొయ్యిలో ఇంకా నిప్పులున్నాయి. అందులో పడేశాను. పసుపు కాలిన ఘాటు పోయేదాకా నిలబడ్డాను. ఇల్లు కాపాడుకున్నాననుకున్నాను. సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు అన్నిటికన్నా ఆ సంతోషమే నాకు సిగ్గుగా ఉంది.

తరవాత నా భార్య సూదితో, ఆమె దారంతోనే ఆ జానెడు అంచూ మూశాను. ఎంత సన్నగా కుట్టినా చేతులు గోనెలు కుట్టినవే కదా. గోనె మూతి కుట్టేవాడు దబ్బనాన్ని తన నుంచి అవతలికి పొడుస్తాడు. బొంత కుట్టే ఆడవాళ్లు సూదిని తమవైపు లాక్కుంటారు. నేను అలవాటు కొద్దీ అవతలికే పొడిచాను. దాంతో నా కుట్లు నా భార్య కుట్లకు ఎదురు వాలాయి. అచ్చం పైడమ్మ కుట్లలా. అది నేను ఆ రోజు చూసుకోలేదు. నిజంగా చూసుకోలేదా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చూసుకోలేదు. కానీ ఆ మాట నాకు అక్కరకు రాదు. తరవాత చేసింది తెలిసి చేసిందే.

ఇక్కడిదాకా రాసి కాసేపు ఆగిపోయాను. మిగతాది దాటేయాలని ఉంది.

బొంత వెళ్లిన కొద్దిరోజులకు ఎడ్లబండి మా గుమ్మం ముందు ఆగింది. ముసలామె దిగింది, వెనక ఆమె కొడుకు. బొంత తెచ్చి వసారాలో పడేసింది. వీధిలోవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"గుంటడికి ఒళ్లు కాలిపోతంది. పొట్లం ఉందో నేదో అని తడివి సూసేను. నేదు. ఏటి సేసేరే దాన్ని?" అంది ముసలామె.

"నా సేత్తోనే పెట్టేను మామ్మా. నా సేత్తోనే మూసేను" అని అచ్చియ్యమ్మ బొంతను ఒళ్లోకి లాక్కుంది. అంచు పట్టుకుని వేలితో తడుముకుంటూ పోయింది. ఒక చోట వేలు ఆగింది. "ఇది నా కుట్టు కాదు" అంది మెల్లగా.

అప్పుడు నేనూ చూశాను. ఆమె సగం మధ్యలో ఆ జానెడూ ఎదురు వాలి ఉంది. ఏం జరగబోతోందో నాకు ఆ క్షణమే తెలిసింది.

"మరెవుల్దే?" అంది ముసలామె.

అచ్చియ్యమ్మ తలెత్తి పైడమ్మ వైపు చూసింది.

"అలా సూస్తావేటప్పా? నీ సగంతో నాకేటి పని?" అంది పైడమ్మ.

"ఎడంసెయ్యి ఈ ఇంట్లో ఇంకెవులికి ఉందే? నీ కడుపున పుట్టినోళ్లు నిలవనేదని నా మనవడి మీద పడ్డావా?" అంది ముసలామె.

"అంత మాటనకు మామ్మా, నీకు దండం పెడతాను." పైడమ్మ నా వైపు తిరిగింది. "బావా, నువ్వు సెప్పు. అప్ప నేకుండా నానీ వసారాలో ఏనాడైనా కూకున్నానేటి?"

ఆమె ముఖంలో భయం లేదు. సాక్ష్యం దొరికిన మనిషి ధీమాతో అడిగింది. అందరూ నన్ను చూస్తున్నారు. నా నోట్లోంచి ఈ మాటలు వచ్చాయి.

"కూకుంది. ఆ బొంత అయిపోయిన మర్నాడు, మద్దేన్నం. ఒక్కర్తీ. నాను సూసేను."

"నువ్వు సూసేవా?"

"సూసేను."

ఆమె ఏడవలేదు. "సరే బావా. నువ్వు సూసేనన్నాక ఇంకేటుంది?" అని లేచి వెళ్లిపోయింది.

ఎందుకు అలా అన్నాను? పొట్లం నేనే కాల్చానని చెబితే, పిల్లవాడికేమైనా అయితే అది నా మెడకు చుట్టుకుంటుందని భయం. అది ఒకటి. నలుగురి ముందు నా భార్య దగ్గర చులకనవుతానని ఇంకొకటి. ఇవే కారణాలని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ వీటి అడుగున మరొకటి ఉంది. ఆ మనిషి మా ఇంటికి రాకుండా పోతుందన్న ఆశ. ఆ క్షణంలో కూడా నేను ఆమెను అనుమానిస్తూనే ఉన్నాను. అబద్ధం చెబుతున్నవాణ్ని నేను, నేరం ఆమెదేనని సగం నమ్ముతున్నవాణ్నీ నేనే. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ముసలామె కొడుకు పైడమ్మ మీద చెయ్యి చేసుకోలేదు. ఆ అవసరం రాలేదు. ఆమె బావి దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. ఆమె నడిచి వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. పాక మీద రాళ్లు పడ్డాయి. కొద్దిరోజులకు మూట నెత్తిన పెట్టుకుని రావికమతంలో ఉన్న తమ్ముడి దగ్గరికి నడిచి వెళ్లిపోయింది. నా భార్య గుమ్మంలోకి రాలేదు. లోపల గోడకు ఆనుకుని కూర్చుంది.

పిల్లవాడికి జ్వరం తగ్గిపోయింది. మంచి గట్టివాడయ్యాడని తరవాత విన్నాం. పైడమ్మను వెనక్కి పిలవాలని ఎవరికీ తోచలేదు.

బొంతల పని ఎక్కువకాలం సాగలేదు. అచ్చియ్యమ్మ రెండు సగాలూ తనే కుట్టుకునేది. కుడుతూ కుడుతూ ఎడమ కొస వైపు చూసేది. మా ఇంటి బొంత అంటే జనానికి కూడా జంకు పుట్టింది. మూటలు రావడం తగ్గి, చివరికి ఆగిపోయాయి.

చాలా రోజుల తరవాత ఒకసారి ఇంట్లో చిరిగిన గోనె ఒకటి నేను కుడుతున్నాను. అచ్చియ్యమ్మ బియ్యం ఏరుతూ నా చేతుల వైపు చూసింది. చేట కింద పెట్టి దగ్గరకు వచ్చింది. కుట్టిన మేరనంతా వేలితో తడిమింది. వెళ్లి మళ్లీ బియ్యం ఏరుకుంది. ఆమెకు తెలిసిపోయిందా? ఆ తరవాత ఆమె వడ్డించినా, మాట్లాడినా, ఊరికే చూసినా, తెలుసా తెలియదా అని నేను ఆమె ముఖం వెతికేవాణ్ని. ఆమె ముందు మళ్లీ ఎన్నడూ సూది పట్టలేదు. ఆమె అడిగితే చెప్పేద్దామనుకున్నాను. ఆమె అడగలేదు. అడగకుండానే పోయింది.

అచ్చియ్యమ్మ పోయాక ఒకసారి రావికమతం వెళ్లాను. పైడమ్మ తమ్ముడి భార్య అరుగు మీద కూర్చుని ఉంది. పైడమ్మ ఉందా అని అడిగాను. ఆవిడ చచ్చిపోయి చానాళ్లయింది, మీరెవులు అని అడిగింది. చుట్టం అన్నాను. ఇంకో మాట చెప్పలేక తిరిగి వచ్చేశాను. అక్కడ కూడా అబద్ధమే చెప్పాను.

మొన్న మా వీధిలో ఒక గుంటడు అన్నం తినకుండా మారాం చేస్తున్నాడు. "తింతావా, ఎడంసేతి పైడమ్మని పిలవనా?" అంది వాడి తల్లి. ఆ తల్లి పుట్టకముందే పైడమ్మ ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆమె ఎలా ఉండేదో, ఏం చేసేదో ఈ వీధిలో ఎవరికీ తెలియదు. పిల్లల్ని బెదిరించడానికి పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు అలా మిగలడానికి కారణం నేను. అప్పుడే ఆ తల్లి దగ్గరికి వెళ్లి చెప్పవచ్చు కదా? పక్క గుమ్మమే. వెళ్లలేదు. లోపలికి వచ్చి కాగితం తీసుకున్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించవలసిన మనుషులు లేరు. ఉంటే అడిగేవాణ్నన్న నమ్మకం కూడా నాకు లేదు. అయినా ఈ మాటలు ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ బొంత విప్పింది నేను. పొట్లం కాల్చింది నేను. చూశానన్నది అబద్ధం. పైడమ్మ ఎవరికీ ఏ చెడూ చెయ్యలేదు. రాసేశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకు దక్కవలసింది కాదు.

ఆమె పేరు పైడమ్మ. బొంతలు కుట్టేది. చాలా బాగా కుట్టేది.