తుక్కుగూడలో స్పీకర్ల పరీక్ష

మా ఆయనకు పాటలో మెరుపు పోయిందట. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత వైర్లు మారాయి. యాంప్లిఫయర్ మారింది. హాల్లో ప్రతిధ్వని ఎక్కువగా ఉందని గోడలకు మందపాటి తెరలు వేయించి, నేను ముచ్చటపడి కొనుక్కున్న గాజు బల్లను పడగ్గదిలోకి తోయించారు. అయినా మెరుపు రాలేదు. ఇక తప్పంతా స్పీకర్లదేనని తేల్చారు.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస! శంషాబాద్‌లో, విమానాల కింద ఇల్లు కట్టుకుని సన్నని ధ్వనులు కావాలంటే ఎక్కడినుంచి వస్తాయండీ?” అన్నాను.

“విమానం వెళ్ళిపోయాక కూడా రావడం లేదే,” అన్నారు.

మేము రాజమండ్రి నుంచి ఇక్కడికి వచ్చింది ఆయన ఉద్యోగం కోసమే. విమానాలు ఆగే చోట సామాను ఎక్కించే, దించే మనుషులకు ఆయన సూపర్‌వైజర్. రోజంతా ఇంజన్ల పక్కనే పని. ఆ మోత ఆపడానికి చెవులకు పెట్టుకునే డిప్పలు మెడలోనే వేలాడేవి, అవి పెట్టుకుంటే కుర్రాళ్ళు పిలిచింది వినపడదని. సాయంత్రం ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని ఒక గంట పాటలు వినాలి. పేకాట లేదు, తాగుడు లేదు, స్నేహితుల గోల లేదు. ఆ గంట కూడా పోతే ఈ మనిషికి ఏం మిగులుతుందని నాకూ దిగులుగానే ఉండేది.

కానీ నా మాట వింటేనా! కుక్కరు మూడు కూతలు రాగానే ఆపండని చెప్పి స్నానానికి వెళితే, పక్కనే కూర్చుని పప్పు మాడ్చారు. అడిగితే, కూతలే రాలేదన్నారు. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!” అని వీధంతా వినేలా అరిచాను.

ఆ ఆదివారం స్పీకర్లు చూడటానికి తుక్కుగూడ వెళ్ళాం. ఖరీదైన ఆడియో సామాను అమ్మే ఒకాయన ఇంటి పైఅంతస్తులో దానికోసమే ఒక గది కట్టించాడు. ఆయనకో పద్ధతి ఉంది. రెండు జతల స్పీకర్ల ముందు నల్లటి గుడ్డ దించి, ఒకే పాటను మార్చి మార్చి వినిపిస్తాడు.

“పేరు చూసి కొనొద్దన్నా, ధర చూసి కొనొద్దు. గీ రెండిట్ల ఏది మంచిగున్నదో నీ చెవులే చెప్పాలె. తొందరేం లేదు, జర నిమ్మలంగ ఇను,” అన్నాడు.

వీణ, దాని వెనక చిన్న తాళాలు. మొదటి జతలో ఆ తాళాలు గుడ్డలో చుట్టినట్టు మోగాయి. రెండో జతలో ఎంత స్పష్టంగా పలికాయంటే, నా పళ్ళు జివ్వుమన్నాయి. సంగీతం ఓనమాలు రాని నాకే తెలిసిపోయింది. ఈయనకు వేరే చెప్పాలా అనుకుని ఆయన వైపు చూశాను.

ఆయన స్పీకర్ల వైపు చూడటం లేదు. కళ్ళూ మూసుకోలేదు. నా మొహం చూస్తున్నారు.

మళ్ళీ మొదటి జత మోగుతుండగా నా ఫోను వెలిగింది. మా అక్క తన మనవడి బోసినవ్వు ఫొటో పంపింది. చూసి నవ్వాను. వెంటనే ఆయన చెయ్యెత్తి, “ఇదే! ఇదే బాగుంది,” అన్నారు.

అమ్మేవాడు ఆయన్నీ నన్నూ చూసి, “మల్లొకసారి ఇందామా అన్నా?” అన్నాడు మెత్తగా.

“ఈ వేళకి చాలండి, ఆలోచించుకుని వస్తాం,” అని లేచాను.

తిరిగి వస్తుంటే దారంతా, ఆయనకు వినపడని ఆ కుక్కరు కూతలే మనసులో మెదిలాయి. ఎలా చెప్పాలో తెలియలేదు. శంఖం సామెత గుర్తొచ్చి నా నోరు పడిపోతే బాగుండుననిపించింది. శంషాబాద్ ఇంకా రాకముందే ఆయన కారు పక్కకు తీసి ఆపేశారు.

“తప్పు చెప్పాను కదూ?”

“అవునండీ,” అన్నాను గొంతు పెంచి.

“నీకేం వినపడింది?”

“తాళాలు. రెండో దాంట్లో చక్కగా పలికాయి.”

“ఆ పాటలో తాళాలున్నాయా?” అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. డాక్టరుకు చూపిద్దామన్నాను, అన్నిటికీ మందులున్నాయన్నాను, ఏదేదో అన్నాను. ఆయన స్టీరింగు వదిలి నా వైపు తిరిగారు.

“నువ్వు అరిస్తే వినపడుతుంది,” అన్నారు. “మామూలుగా మాట్లాడితేనే తెలియడం లేదు. అందుకని, ఈమధ్య నువ్వు నా మీద అరవడం తప్ప నాతో మాట్లాడటం మానేశావనుకున్నాను.”

కారు అద్దాలు మూసే ఉన్నాయి. పైన విమానం కూడా లేదు. ఆయన చెయ్యి పట్టుకుని, “రోజూ మాట్లాడుతూనే ఉన్నానండీ,” అన్నాను, మామూలు గొంతుతోనే.

ఆయన నా పెదవుల వైపు వంగి, “ఏమిటీ?” అన్నారు.