విగ్గు ఉన్నంతసేపు

మా వాడి మెడ కింద, రెండు ఎముకల నడుమ ఉండే చిన్న గుంట లోపలికి పోయి బయటికి వస్తోంది. అది నేను అద్దంలో చూశాను. నిజానికి అద్దంలో చూసుకుంటున్నది నా విగ్గును. ఎడమ పక్క పైకి లేపిన పాయ నిలబడిందా, వాలిపోతోందా అని. వాడు నా వెనక నాలుగడుగుల దూరంలో, గోడకు ఆనుకుని, అక్క పక్కన చాప మీద కూర్చున్నాడు. ఒళ్ళో ట్యాబ్‌లో కార్టూన్ నడుస్తోంది. వాడి కళ్ళు దాని మీద లేవు, నా మీద ఉన్నాయి. నోరు తెరుచుకునే ఉంది కానీ మాట రావడం లేదు.

పిల్లికూతలొచ్చే పిల్లల్ని ఢిల్లీ చలికాలంలో పెంచే తల్లులకు ఆ గుంట సంగతి తెలుసు. దగ్గు ఎంత గట్టిగా ఉందని కాదు, చొక్కా ఎత్తి మెడ కిందా పక్కటెముకల కిందా చూడమని మా పిల్లల డాక్టరు నాకు మొదటి ఏడాదే చెప్పింది. చర్మం లోపలికి లాగుతోందంటే ఆలస్యం చెయ్యకూడదు. వాడికి అయిదేళ్ళు. తనకు ఆయాసం వస్తోందని వాడికీ తెలుసు. "అమ్మా, సీటీ బజ్ రహీ హై" అని గుండె మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు, లోపల ఈల మోగుతోందని.

ఆ రోజు చెప్పలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న అమ్మను ఎందుకు పిలవలేదో రాయాలంటే ముందు నా వేషాల గురించి రాయాలి. పిల్లలు పడుకున్నాక రెండు రాత్రులుగా ఆ భాగమే రాసి కొట్టేస్తున్నాను.

నాకు వేషం కట్టడమంటే ఇష్టం. ఇప్పటివాళ్ళు కాస్‌ప్లే అంటారు. మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి చివర నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. బళ్ళో వార్షికోత్సవం వస్తే కిరీటాలూ, సవరాలూ, మీసాలూ అక్కణ్ణించే తెచ్చేవారు. నన్నెప్పుడూ వెనక వరసలో చెలికత్తెగా నిలబెట్టేవారు కాబట్టి నా వంతుకు పూసల దండ తప్ప ఏమీ వచ్చేది కాదు. అయినా బడి వదిలాక ఆ కొట్లో కూర్చునేదాన్ని. కొట్టాయన అట్టముక్క మీద బంగారు కాగితం అంటించి, దాని మీద అద్దం ముక్కలు గుచ్చుతుంటే, పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టేది. ఆయన తాగేవాడు కాదు, నేను కదిలేదాన్ని కాదు.

హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గదిలో చార్టులు కత్తిరించి మొదటి వేషం కట్టాను. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, గురుగ్రామ్. రెండోవాడు పుట్టాక ఉద్యోగం మానేశాను. పదిహేడో అంతస్తులో, పాల సీసాలు కడిగి బోర్లించడం తప్ప చేతులకు వేరే పని లేకుండా పోయిన రోజుల్లో సదర్ బజార్‌కు వెళ్ళి నాలుగు ఫోమ్ షీట్లు కొనుక్కొచ్చాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ఫోమ్ ఎలా చెబితే అలా వంగుతుంది. వంగింది వంగినట్టే ఉంటుంది. ఇంట్లో నా మాట విన్న వస్తువు అదొక్కటే అని మా ఆయనతో నవ్వుతూ అన్నాను.

ఈసారి కట్టింది ఏ కథలోనిదీ కాదు, నేనే కల్పించుకున్న పాత్ర. ఉప్పు రాణి. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్తుంటే చినగంజాం దగ్గర రైలు కిటికీలోంచి ఉప్పు మడులు కనిపించేవి. ఎర్రటి ఎండలో తెల్లటి కుప్పలు. వాటిలోంచి ఒక మనిషి లేచి నిలబడితే జుట్టు ఎలా ఉంటుందని ఊహించుకునేదాన్ని. పొడుగాటి తెల్ల విగ్గు కొని, పాయలు పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయనూ కుదుళ్ళ వైపు వెనక్కి దువ్వి, స్ప్రే కొట్టి, డ్రయ్యర్‌తో ఆరబెట్టి, మళ్ళీ స్ప్రే కొట్టి, గడ్డకట్టిన ఉప్పులా పైకి నిలబెట్టాను. ఎనిమిది రోజులు పట్టింది. విగ్గు తొడిగిన థర్మకోల్ తల భోజనాల బల్ల మీద ఉంటే మా వాడు దాని ముందు ఇడ్లీ ముక్క పెట్టి, "ఖా లో, ఆంటీ" అన్నాడు, తినమని.

ఆంటీ. అసలు గొడవ ఆ మాటతోనే మొదలైంది.

ఏడాదిన్నర కిందట ఇలా వేషాలు కట్టేవాళ్ళ మేళా ఒకదానిలో అయిదారుగురు కాలేజీ పిల్లలు నా చుట్టూ చేరి ఫోటోలు తీస్తున్నారు. కత్తి ఎత్తండి, అటు తిరగండి అంటున్నారు. మా వాడు జనంలోంచి దూసుకొచ్చి నా కాలు పట్టుకుని, "అమ్మా, సుస్సూ!" అన్నాడు. కెమెరాలు దిగిపోయాయి. ఒకడు పక్కవాడితో, "అరే, యే తో ఆంటీ హై, యార్" అన్నాడు, ఈవిడ ఆంటీరా అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. క్యాబ్‌లో ఇంటికొచ్చేదాకా మా వాడితో మాట్లాడలేదు. మూడున్నరేళ్ళ పిల్లాడితో.

తర్వాతి మేళాకు ఒక ఆట కనిపెట్టాను. అమ్మ తల మీద విగ్గు ఉన్నంతసేపు మనం ఒకరికొకరం తెలియదు. అమ్మా అని ఎవరు ముందు పిలిస్తే వాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళకు పెద్ద చిప్స్ ప్యాకెట్. పిల్లలు దానికి అజ్‌నబీ గేమ్, అంటే ముక్కూమొహం తెలియనివాళ్ళ ఆట, అని పేరు పెట్టుకున్నారు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ప్రతిసారీ గెలిచేది. వీడు పది నిమిషాలు ఆగలేకపోయేవాడు. ఆగితే నేనే మాటల్లో పెట్టేదాన్ని. "బాబూ, దాహమేస్తోందా?" అని తెలియనిదానిలా అడిగేదాన్ని. వాడు "అవునమ్మా" అనగానే "అవుట్!" అని నవ్వేదాన్ని. వాళ్ళూ నవ్వేవారు. పిల్లలకు ఓపిక వస్తోందని మా అపార్ట్‌మెంట్ పార్కులో గొప్పగా చెప్పాను కూడా. "అరే వాహ్, ముఝే భీ సిఖావో" అంది ఒకావిడ, తనకూ నేర్పమని.

ఆ ఆదివారం మా ఆయనకు ఆఫీసులో పని పడింది. స్టేజి మీదికి నా వంతు వచ్చేసరికి, నాలుగింటికల్లా వచ్చేస్తానన్నాడు. మేళా దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద హాల్లో. వేషాలు వేసుకునే గది ఒక్కటే. పాతిక ముప్ఫై మంది ఉన్నాం. బయట గాలి మసిలా ఉందని కిటికీలన్నీ మూసేశారు. లోపల ప్రతి చేతిలోనూ ఒక స్ప్రే డబ్బా. నేనే సగం డబ్బా ఖాళీ చేశాను. పిల్లల్ని కళ్ళెదురుగా ఉంచుకోవడమే జాగ్రత్త అనుకుని గోడ పక్కన చాప వేశాను. హ్యాండ్‌బ్యాగ్ ఫోటోల్లో పడితే బాగుండదని బయట కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకున్నాను. వాడి ఇన్‌హేలర్ అందులోనే ఉంది.

అద్దంలో ఆ గుంట చూసి వెనక్కి తిరిగాను. భుజాల మీద ఫోమ్ కవచం. వంగితే గడ్డానికి తగులుతుంది. మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"నాన్నా, ఊపిరి ఆడట్లేదా?"

వాడు అక్క వైపు చూశాడు. అది పెదాల మీద వేలు పెట్టుకుంది.

"బోల్నా మత్. అమ్మ ట్రిక్ కర్ రహీ హై. ఇస్ బార్ తూ జీతేగా."

మాట్లాడకు, అమ్మ ట్రిక్ చేస్తోంది, ఈసారి నువ్వే గెలుస్తావు అని తమ్ముడికి ధైర్యం చెబుతోంది నా కూతురు. ఎప్పుడూ ఓడిపోయేవాణ్ణి ఒక్కసారి గెలిపిద్దామనుకుంది.

"ట్రిక్ కాదమ్మా, ఆట అయిపోయింది. మాట్లాడరా, బాబూ!" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. పక్కటెముకలు చొక్కా కింద లేస్తూ పడుతూ ఉన్నాయి. నన్ను నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు? ఆట అయిపోయిందని చెప్పి కూడా ఒకసారి అవుట్ చేశాను.

విగ్గు పట్టుకుని లాగేశాను. నుదుటి దగ్గర జిగురుతో అంటించింది కాబట్టి చర్మం కూడా కొంచెం లేచి వచ్చింది. దాన్ని ఎటు విసిరానో తెలియదు. లోపలి వల టోపీతో, బూడిదరంగు లెన్సులతో నా మొహం ఎలా ఉందో ఏమో, వాడు మాత్రం అప్పుడు నోరు విప్పాడు.

"అమ్మా..." అని ఒక ఊపిరి తీసుకుని, "మై జీతా?" అన్నాడు. నేను గెలిచానా అని.

పక్క కుర్చీలో ఒక అమ్మాయి నెత్తిన ఒక్క కొమ్ము అంటించుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఉంది. ఇన్‌హేలర్ బ్యాగ్‌లో, బ్యాగ్ కౌంటర్‌లో అని నేను అరవగానే నా చేతిలోంచి టోకెన్ లాక్కుని పరిగెత్తింది. నేను వాణ్ణి ఎత్తుకుని గదిలోంచి వరండాలోకి వచ్చాను. కవచం అంచు వాడి చెంపకు గుచ్చుకుంటుంటే పళ్ళతో పట్టీలు తెంపాను. బ్యాగ్ వచ్చింది. మాస్క్ పెట్టి ఒక పఫ్, ఊపిరి, ఇంకో పఫ్. నాలుగు, ఆరు. మా అమ్మాయి పక్కన నిలబడి ఊపిరులు లెక్కపెట్టింది. గుంట కొంచెం తగ్గింది కానీ పోలేదు. గార్డు ఆటో పిలిచాడు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం.

డ్యూటీ డాక్టరమ్మ నెబ్యులైజర్ పెట్టించి, నా వైపు తిరిగింది.

"కబ్ సే హై?" ఎప్పట్నుంచి అని.

నాకు తెలియదు. తెలియదని చెప్పలేకపోయాను.

"పది నిమిషాలు ఉంటుందేమో, డాక్టర్" అన్నాను హిందీలో.

"నో, ఆంటీ" అంది మూలనుంచి మా అమ్మాయి. "జబ్ కార్టూన్ షురూ హువా, తబ్ సే." కార్టూన్ మొదలైనప్పట్నుంచీ అని. "అప్పుడే నాకు చెప్పాడు, సీటీ వస్తోందని."

ఆ కార్టూన్ నలభై నిమిషాలది. నేను అద్దంలో చూసేసరికి చివరికొచ్చింది. డాక్టరమ్మ నా నుదుటి మీది రక్తాన్నీ, మొహాన ఉన్న తెల్లరంగునూ చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసిందో చూడటానికి ధైర్యం చాల్లేదు.

మా ఆయన వచ్చేసరికి వాడు మంచం మీద కూర్చుని బిస్కెట్ తింటున్నాడు.

"స్ప్రేల వల్లేనా?" అన్నాడు.

"ఆ" అన్నాను.

"ఆ డబ్బాలు ఇంక ఇంట్లో వద్దు."

"వద్దులే."

అక్కడితో అయిపోయింది. తిట్టలేదు. దారిలో నా నుదుటికి దూది కొన్నాడు. నేను ఆట సంగతి చెప్పలేదు. వెనక సీట్లో మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రోజూ దారంతా వాగే పిల్ల ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. అలసిపోయిందని మా ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నట్టు నటించాను.

మర్నాడు ఇద్దర్నీ బడికి పంపలేదు. వాడు ఉప్మాలోంచి జీడిపప్పులు ఏరుకుంటున్నాడు, ఛాతీలో చప్పుడు లేదు. మా ఆయన తలుపు దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. నేను అమ్మాయికి జడ వేస్తున్నాను. అది నా వైపు తిరక్కుండానే అడిగింది.

"అమ్మా, వాడికి అలా అయింది నేను చుప్ అన్నందుకా?"

దువ్వెన పక్కన పెట్టి, దాన్ని నా వైపు తిప్పుకున్నాను. వాణ్ణీ దగ్గరికి పిలిచాను. మా ఆయన వినేలాగే చెప్పాను.

"నీవల్ల కాదు. నువ్వు ఆట సరిగ్గా ఆడావు. ఆ ఆటే తప్పు, అది పెట్టింది నేను. మీకు ఓపిక రావాలని పెట్టలేదు. అక్కడివాళ్ళు నన్ను చూసి, ఈవిడకు పిల్లలున్నారు అనుకోకూడదని పెట్టాను. మీరు నా పిల్లలని తెలిస్తే నాకు నామోషీగా ఉండేది. ఆ మాట మీతో అనలేక ఆట అన్నాను."

మా ఆయన లేసు కట్టడం ఆపాడు.

"తో చిప్స్?" అన్నాడు మా వాడు, మరి చిప్స్ ఏవని.

"నీకే. నువ్వే గెలిచావు. కానీ ఆ ఆట ఇంక లేదు. నా నెత్తి మీద ఏమున్నా సరే, ఎవరు ఫోటో తీస్తున్నా సరే, మీకు ఏ కొంచెం బాగోకపోయినా అమ్మా అని అరవండి. నేను పలక్కపోతే వచ్చి నా జుట్టు పీకండి."

వాడు నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు. నా నుదుటి మీది దూదినే చూస్తోంది.

"ఇంకొకటి" అని దానితో చెప్పాను. "నిన్న డాక్టరాంటీ అడిగితే పది నిమిషాలని నేను అబద్ధం చెప్పాను. నువ్వు చెప్పిందే నిజం."