మధ్యాహ్నం నిద్రపోని ఈగలు

మా ఆడపడుచు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగినవాళ్ళ ముఖం చూస్తాను. ఓపిక ఉన్న ముఖమైతే నిజం చెబుతాను: ఈగలు ఎంతసేపు నిద్రపోతున్నాయో కంప్యూటరు చేత కనిపెట్టిస్తుంది. ఓపిక లేని ముఖమైతే కంప్యూటర్లలో పని అని ఊరుకుంటాను. నిజం విన్నవాళ్ళలో చాలామంది నవ్వుతారు. నేను నవ్వితే ఒక అందం, ఆమెకు వదినను. బయటివాళ్ళు నవ్వితే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో ఆమెను పిచ్చుక అంటాం. చిన్నప్పుడు కాలు ఒకచోట నిలిచేది కాదట. ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరు. కుర్చీలో కూర్చుందంటే ఎవరైనా పిలిస్తే గానీ లేవదు. పిలిచేవాళ్ళు లేకపోతే అలాగే ఉండిపోతుంది. చదివింది కంప్యూటర్లు. తోటివాళ్ళంతా కంపెనీల్లో చేరిపోతే, ఈవిడ మాత్రం ప్రాణమున్నవాటి మీద పనిచేస్తానని ఒక పరిశోధన సంస్థలో జీవశాస్త్రం వాళ్ళ దగ్గర చేరింది. ఏటేటా పొడిగిస్తే ఉండే ఉద్యోగం, లేకపోతే ఊడే ఉద్యోగం. మా ఆయన తల పట్టుకున్నాడు. సంస్థ నగరానికి ఆ చివర, మేము ఈ చివర. అక్కడే ఒక గది అద్దెకు తీసుకుంది. ఒక మంచం, ఒక బల్ల, కిటికీ తెరిస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకు. కొన్ని ఆదివారాలు మా ఇంటికి వచ్చేది, కొన్ని ఆదివారాలు ఆ గదిలోనే ముసుగుతన్ని పడుకునేది.

ఆ ఈగల సంగతి కాస్త చెప్పాలి. ఇంట్లో పండు మగ్గితే ఎక్కడినుంచో ఊడిపడతాయే, నలుసంత ఈగలు, అవే. వాటిలో కొన్నింటికి పుట్టుకలోనే ఒక చిన్న మార్పు చేస్తారు. పెద్దవయసులో మనుషులకు వచ్చే మతిమరుపు జబ్బులాంటిది వాటికీ వస్తుంది. జబ్బు బయటపడకముందే నిద్ర చెడుతుందేమో, అలాగైతే మనుషుల్లో కూడా ముందే పసిగట్టవచ్చేమో అన్నది వాళ్ళ పెద్ద మేడం పట్టుదల. ఒక్కో ఈగను ఒక్కో సన్నని గాజు గొట్టంలో పెట్టి, వేడి మారకుండా ఉండే నడుమెత్తు ఇనుప అల్మారాలో ఆ గొట్టాలను అరల్లో పేర్చి, లోపల కెమెరాలు పెడతారు. ఆ కెమెరాలు తీసిందంతా కూర్చుని చూడాలంటే మనిషి జన్మ చాలదు. అందుకని పిచ్చుక రాసిన ప్రోగ్రాం చూస్తుంది. ఏ ఈగ ఎప్పుడు కదిలింది, ఎప్పుడు కునుకు తీసింది, అన్నీ విడదీసి గీతలు గీసి చూపిస్తుంది. ఈగలు కూడా మధ్యాహ్నం ఒక కునుకు తీస్తాయని నాకు అప్పుడే తెలిసింది. మా ఆయనకు చెబితే, బుద్ధిమంతులు అన్నాడు.

జీవశాస్త్రం వాళ్ళకు ఆమె కంప్యూటరు మనిషి. కంప్యూటర్ల వాళ్ళది వేరే భవనం, వాళ్ళకు ఈమె ఈగల మనిషి. చేరిన కొత్తలో డబ్బా పట్టుకుని క్యాంటీనుకు వెళ్ళిందట. ఈగల జట్టు కూర్చునే పొడుగాటి బల్ల దగ్గర ఒక్క కుర్చీ ఖాళీ, దాని మీద ఎవరిదో సంచి. ఈమె వెళ్ళి పక్కన నిలబడింది. వాళ్ళు కబుర్లలో ఉండి చూడలేదు. సంచి తీయమని అడగడానికి ఈమెకు నోరు పెగల్లేదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు, తీయాలని తోచలేదు, అంతే. మర్నాడూ అదే కుర్చీ, అదే సంచి. ఆ తర్వాత ఈమె వెళ్ళడం మానేసింది.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా మధ్యాహ్నం మోగే ఫోను.

“తిన్నావా వదినా?”

“ఇప్పుడే కూర్చున్నా. నువ్వో?”

“తింటున్నా.”

“క్యాంటీనులోనా? చప్పుడే లేదేంటి?”

“చాలామందిమే ఉన్నాం. అందరూ నిద్రమత్తులో ఉన్నారు.”

నేను పగలబడి నవ్వేదాన్ని. నా నవ్వు పెద్దది. పుట్టింట్లో దానికి చీవాట్లు పడ్డాయి, అత్తింట్లో అలవాటుపడ్డారు. మా ఆయన పనికీ, పిల్లలు బడికీ పోయాక ఇంట్లో నాకు గోడలు తప్ప ఎవరూ ఉండరు. అందుకని ఆ ఫోను కోసం నేను కూడా ఎదురుచూసేదాన్నని ఒప్పుకోవాలి. పక్కింటి వాళ్ళ గురించి ఆరాలు, మా ఆయన మీద చాడీలు, ఏదో ఒకటి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

అలా ఏడాది పైగా గడిచాక ప్రోగ్రాం ఒక సంగతి పట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న ఈగలు మధ్యాహ్నం హాయిగా నిద్రపోతున్నాయి. జబ్బు ఈగలు మాత్రం నిద్ర మధ్యలో లేచి గొట్టంలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. జబ్బు తాలూకు వేరే లక్షణం ఏదీ కనబడకముందే! మేడం ఆ గీతలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుందట. దేశదేశాల వాళ్ళు వచ్చే సభలో ఇదే చెబుదాం అంది. అక్కడితో ఆగలేదు. పిచ్చుక చెయ్యి పట్టుకుని తిన్నగా క్యాంటీనుకు తీసుకెళ్ళి, “ఈ సంచి ఎవరిది? తీయండి, అమ్మాయి కూర్చుంటుంది” అంది. సంచి లేచింది, అమ్మాయి కూర్చుంది.

ఆ రోజు సాయంత్రం ఫోన్లో పిచ్చుక గొంతు నేను గుర్తుపట్టలేదు. ఎవరు ఏం కూర ఇచ్చారో, ఎవరు ఎవరిని ఆటపట్టించారో, ఈగలకు తిండి వండే ఆయన ఈమెను ఎలా “మా గీతల రాణి” అన్నాడో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. సంతోషించాను. మధ్యాహ్నం ఫోను మాత్రం ఆగిపోయింది. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది గానీ పైకి అనలేదు.

సభకు ముందు ఒకసారి రూఢి చేసుకుందామని మేడం కొత్త ఈగలతో మళ్ళీ మొదలుపెట్టించింది. ఈసారి జబ్బు ఈగలు మధ్యాహ్నం శుభ్రంగా నిద్రపోయాయి. వారాలు గడిచినా అంతే. అందరూ ప్రోగ్రాం వైపు చూశారు, అంటే పిచ్చుక వైపు.

ఒక మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత ఫోను మోగింది.

“వదినా, నీ మోకాలి ఆపరేషను ఏ వారంలో అయింది?”

“మోకాలు ఎలా ఉందని అడగవు గానీ...”

“చెప్పు వదినా, తొందరగా.”

చెప్పాను. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “సరే” అని పెట్టేసింది. ఇదేం మనిషిరా అని నాలో నేనే గొణుక్కున్నాను.

ఆ ఆదివారం మా ఇంటికి వచ్చింది. వచ్చి వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడింది. నేను గిన్నెలు సర్దుతున్నాను.

“నేను క్యాంటీనులో తినేదాన్ని కాదు వదినా. ఈగల గదిలో తినేదాన్ని. అల్మారా పక్కన స్టూలేసుకుని.”

“అక్కడ తినొచ్చా?”

“తినకూడదని తలుపు మీదే రాసుంది. అక్కడైతే ఎవరూ రారు. రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, ఫోను అల్మారా మీద పెట్టి, స్పీకర్లో పెట్టి నీతో మాట్లాడేదాన్ని.”

జబ్బు ఈగలు ఎప్పుడూ పై అరలో, ఆరోగ్యమైనవి కింది అరలో. పొరపాటున కూడా కలిసిపోకూడదని వాళ్ళు మొదటినుంచీ చేసుకున్న అలవాటు. అప్పుడప్పుడు అరలు మార్చి చూడాలని ఎవరికీ తట్టలేదు.

“పాత గీతల్ని రోజువారీ విడదీశాను. ఆదివారాలు జబ్బు ఈగలు కూడా పడుకున్నాయి. ఈగలకి ఆదివారమేంటి? కెమెరా తప్పేమో అనుకున్నా. తర్వాత ఒక వారం వారమంతా పడుకున్నాయి. నీ ఆపరేషనుకి నేనిక్కడున్న వారం. క్యాంటీనులో కూర్చోవడం మొదలుపెట్టాక ఇక లేవనే లేదు. అవి లేచింది జబ్బు వల్ల కాదు వదినా, మన వల్ల.”

“మధ్యలో నేనేం చేశాను?”

“నీ నవ్వుకి అల్మారా పై అర అదురుతుంది.”

ఇంకెప్పుడైనా అయితే ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేదాన్ని. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. మేడం ఇంకా ఆశ వదులుకోలేదట. కొత్తవాటిలోనే ఏదో తేడా వచ్చి ఉంటుంది, పాత ఫలితమే సభలో పెడదాం అంటోందట.

“అయితే నువ్వు నోరెత్తకు” అన్నాను. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు. “ఆవిడే పెడదామంటుంటే నీకేం పట్టింది? ఈగల నిద్ర గురించి నువ్వు ఉద్యోగం పోగొట్టుకోవాలా?”

“ఇది చూసి ఇంకో చోట ఇంకెవరో ఏళ్ళ తరబడి పనిచేస్తారు వదినా. వాళ్ళింట్లో ఎవరికో ఆ జబ్బు ఉండుంటుంది.” గిన్నె మూత ఒకటి తీసి తుడుస్తూ అంది, “ఉద్యోగం సంగతి ఏమో గానీ, ఆ కుర్చీ పోతుంది. నాకు దాని గురించే బెంగ.”

ముప్ఫయ్యేళ్ళు దాటిన మనిషి, ఒక కుర్చీ కోసం అలా బెంగపడుతుంటే ఏమని చెప్పను!

సోమవారం జట్టంతా కూర్చున్నప్పుడు చెప్పేసిందట. గీతలు చూపించింది, ఆదివారాలు చూపించింది, సెలవు పెట్టిన వారం చూపించింది. ఆ వేళకి ఆ గదిలో ఎవరున్నారని మేడం అడిగింది. నేనే, రోజూ అక్కడే తినేదాన్ని అంది. ఈగలకు తిండి వండే ఆయన నవ్వాడు, ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. అక్కడెందుకు తిన్నావని మేడం అడిగింది.

“కుర్చీ మీద సంచి ఉండేది మేడం” అంది పిచ్చుక.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదట. సంచి గల అమ్మాయి బల్ల వైపు చూస్తూ ఉండిపోయిందట.

చెప్పినంత మాత్రాన సరిపోదు, రుజువు కావాలి. ఈసారి అరలు తారుమారు చేశారు. ఆరోగ్యమైన ఈగలను పైకి పెట్టారు, జబ్బువి కిందికి. పిచ్చుక కొన్ని రోజులు ఆ గదిలో స్టూలు మీద కూర్చుని తినాలి, కొన్ని రోజులు ఆ ఛాయలకు వెళ్ళకూడదు. మేడం అనుమతి మీద తినకూడని గదిలో తిన్న మనిషి ఈమె ఒక్కతే అయ్యుంటుంది. నా ఫోను కూడా ప్రయోగంలో భాగమే.

“నవ్వు వదినా.”

“ఏం చూసి నవ్వను? ఉత్తినే నవ్వితే పిచ్చిదంటారు.”

“ఎప్పట్లాగే నవ్వు. లేకపోతే లెక్క కుదరదు.”

మొదటి రెండు రోజులు పొడిదగ్గులా వచ్చింది. మూడోరోజు మా ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని పనికి వెళ్ళిన సంగతి చెబుతూ నిజంగానే నవ్వాను. ఆ మధ్యాహ్నం పై అరలో ఒక్క ఈగ కూడా నిద్రపోలేదట.

దాంతో తేలిపోయింది. పై అరలో ఎవరుంటే వాళ్ళే లేస్తారు, జబ్బుకీ దానికీ సంబంధం లేదు. మేడం సభకు పంపిన కాగితం వెనక్కి తీసుకుంది. పిచ్చుకను ఒక్క మాట కూడా అనలేదు. ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించింది కూడా. కుర్చీ మీద మళ్ళీ ఎవరూ సంచి పెట్టలేదు, ఉన్నమాట చెప్పాలి. పిచ్చుక వెళ్తే జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆమె కూర్చోగానే మాటలు సన్నబడేవి. వాళ్ళకు సిగ్గు, ఈమెకు బిడియం. ఒకళ్ళకొకళ్ళు ఉప్పు అందించుకుని తలొంచుకుని తినేవాళ్ళు. కొన్నాళ్ళకు పిచ్చుక తనంతట తనే వెళ్ళడం మానేసింది. ఈగల గదిలో తినే వీలు ఎలాగూ లేదు. భవనం వెనక మెట్లున్నాయి, అక్కడ కూర్చుంటోంది.

మొన్న వచ్చినప్పుడు ఆ గీతల కాగితం తెచ్చి నా ముందు పరిచింది.

“ఇదేంటి, గుట్టలా లేచింది?” అన్నాను.

“అది నేనెళ్ళిన రోజు.”

“ఈ చదునుగా ఉన్నది?”

“వెళ్ళని రోజు.” వేలితో ఆ గుట్ట ఎక్కుతూ దిగుతూ కూర్చుంది. “అంత పెద్ద భవనంలో నేనొచ్చానని తెలిసింది వీటికే వదినా. ఎంత స్పష్టంగా తెలిసిందో చూడు.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి లేచి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మర్నాడు నేను భోజనం చేసి కంచం కడుగుతుంటే ఫోను మోగింది.

“తిన్నావా వదినా?”

“ఎక్కడున్నావు?”

“మెట్ల మీద.”

“పక్కన ఎవరున్నారు?”

ఒకప్పుడైతే చాలామందిమే ఉన్నాం అనేది.

“ఎవరూ లేరు” అంది.

“నేనూ ఇంకా తినలేదు, ఉండు” అన్నాను. కడిగిన కంచంలో మళ్ళీ కొంచెం పెట్టుకుని, ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను.