సర్గి మొలకలు, నేను పెట్టిన నిప్పు

చాక్లెట్‌లో మా అడవి గింజ కూడా ఉంటుందని నాకు మొదట చెప్పింది సంతలో గింజలు కొనే కోచియా. గని కొండల కింది ఊరికి నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది అది. మా పుట్టిల్లు మరైగూడ దగ్గర. అత్తవారింట్లో మాట్లాడేది తెలుగే, పొరుగింటితో గోండి, సంతలో హల్బీ. మా ఆయనకు కొండ మీద ఇనుప గనిలో పని. ఆయన ఒంటి మీద ఏ చొక్కా అయినా నెల తిరిగేసరికి ఎర్రచొక్కానే.

సర్గి గింజ నూనె గడ్డకట్టించి చాక్లెట్‌లో కలుపుతారని కోచియా హిందీలో ఊదరగొట్టాడు. సర్గి అంటే గుగ్గిలం చెట్టు. నేను నమ్మలేదు. తూకం దగ్గర అబద్ధమాడేవాడు చాక్లెట్ దగ్గర నిజం చెబుతాడా?

వేసవి చివర ఆ గింజలు రెక్కలు కట్టుకుని గిరగిరా తిరుగుతూ రాలతాయి. ఏరి, ఎండబెట్టి, కుప్ప పోసి పైపైన మంట పెడితే రెక్కలు కాలిపోతాయి. తర్వాత దంచి పొట్టు తీసి పప్పు సంతకు మోయాలి. వాన చుక్క పడిందంటే నేల మీదే మొలకెత్తుతాయి కాబట్టి అంతా ఉరుకులు పరుగుల పని.

మాకు ఒకటే వరి మడి. అది పండితేనే ఏడాదికి తిండి. ఏటా వానలకు గని వైపు నుంచి ఎర్ర బురద వాలు మీదుగా కొట్టుకొచ్చి అందులో దిగేది. అందుకని అత్తమ్మ మడి పైన వాలులో ఉన్న నాలుగు సర్గి చెట్ల కింద గింజ ఎవరినీ ముట్టనివ్వకుండా మొలకలను వదిలేసింది. మోకాలెత్తు మొక్కలు, గడ్డి, రాలిన ఆకులు కలిసి బురదను కొంతైనా ఆపేవి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి కదా, నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అత్తమ్మ తమ్ముడి ఊరికి పెళ్ళికి వెళ్ళింది. వచ్చేసరికి మంచి కోడలనిపించుకోవాలని నాకు ఒకటే దురద. మా పుట్టింటి వైపు ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఊడ్చి ఆకులకు అగ్గి పెడతాం. నేల నున్నగా ఉంటే పువ్వు ఏరడం సులువు. ఇప్పకు పనికొచ్చింది సర్గికి పనికిరాదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. నాలుగు చెట్ల కిందా శుభ్రంగా కాల్చి, సాయంత్రం ఆ నల్లటి నేల చూసుకుని తెగ మురిసిపోయాను.

మూడో రోజు అత్తమ్మ వచ్చి వాలు చూసింది, నన్ను చూసింది.

“ఏంది పిల్లా ఇది?”

“గింజలు ఏరనీకి సాపు చేసిన అత్తమ్మా.”

“గింజలు మస్తుగ ఏరుకుంటవ్. బియ్యం ఏడ ఏరుకుంటవ్?”

అప్పుడు చెప్పింది మడి సంగతి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వచ్చి ఏడాది కాలేదు, ఇంటి కూటికే నిప్పు పెట్టాను. రెండు పూటలు ముద్ద దిగలేదు.

నన్ను చూడలేక మా ఆయన గనివాళ్ళ టౌన్‌షిప్ దుకాణం నుంచి చాక్లెట్ తెచ్చాడు. పైన అట్టపెట్టె, లోపల రంగు కాగితం, దాని లోపల వెండి రేకు. అత్తమ్మ ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టి, ముక్క చప్పరించింది.

“మంచిగనే ఉంది. మనం చేతులు కాల్చుకుని పొట్టు తీసి ఇస్తిమి. వీళ్ళేమో మళ్ళ మూడు పొట్లు తొడిగిన్రు,” అంది. “మన పొట్టు కాలిస్తే బూడిదైతది, మడికేస్తం. ఈ రేకు ఏం జేస్కోవాలె?”

మా మేక వచ్చి ఆ రేకును వాసన చూసి వదిలేసింది. మేకే వద్దన్నదంటే ఇక చెప్పేదేముంది. కడుపుబ్బ నవ్వాను. నవ్వుతూనే మడి గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి అత్తమ్మ నన్ను పనిలో దించింది. ఎండు కొమ్మలు, రాళ్ళు, పాత వెదురు తడికలు, ఏది దొరికితే అది మోసుకొచ్చి వాలుకు అడ్డంగా పేర్చాను. తొలి పెద్దవానకు ఎర్రనీళ్ళు దిగాయి. కొమ్మల దగ్గర ఆగి, బురద అక్కడే పేరుకుంది. మడిలో ఒక మూల మాత్రం పోయింది. ఆ మూల చూసినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటూ, ప్రతి వానకూ ఇంకో మోపు కొమ్మలు తెచ్చి వేశాను. భుజాలు కాయలు కాశాయి.

నెల దాటాక ఒక పొద్దున వాలెక్కితే, మసిబారిన ప్రతి మోడు మొదట్లోనూ లేత ఆకులు. ఒకటి రెండు కాదు, వాలంతా. ఆ సంతోషంలో చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

అత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపనైనా లేదు.

“వస్తయ్. పైన కాలినా సర్గి వేరు చావదు. నాకు తెల్వదా?”

“తెలిస్తే ముందే చెప్పొద్దా అత్తమ్మా? నెల రోజుల నుంచి నాకు నిద్ర లేదు.”

“చెప్తే గన్ని కొమ్మలు మోస్తుంటివా?” అంది.